‘అంకుల్’ అంటే ఎవరు?

పాఠ్యభాగ సందర్భం: అనువాదమంటే ఒక భాషలోని మాటకు సరిపోయే మాటను మరొక భాషా నిఘంటువులో వెదకి పెట్టడమేనని సామాన్యంగా భావిస్తుంటాం. అందరికీ తెలిసిన ఒక చిన్న ఆంగ్లపదాన్ని మనకు బొత్తిగా పరిచయం లేని బల్గేరియను భాషలోకి మార్చబోయినప్పుడు ఎదురైన చిక్కులనూ, ఆ చిక్కుల వలన ఆ భాషను గురించీ తెలుగును గురించీ తెలియవచ్చిన సంగతులనూ ఈ వ్యాసం వివరిస్తుంది.

1980వ దశకంలో ఒక వర్షాకాలపు మధ్యాహ్నం అమలాపురం సమీపాన ఉన్న మా ఇంటికి హైదరాబాదు నుంచి టెలిగ్రాం వచ్చింది. అందులో ఉన్నవి నాలుగే మాటలు: ‘అంకుల్ ఎక్స్‌పైర్డ్ స్టార్ట్ ఇమ్మీడియట్లీ’. పంపినవారు మా పెద్దక్క భర్త. మా అన్నయ్య పేరున పంపారు. ఆ రోజులలో టెలిగ్రాముకు మాటకింత అని రుసుము ఉండేది కనుక ఎవరైనా వీలైనంత క్లుప్తంగానే రాసేవారు. ఆయనను తప్పు పట్టడానికి లేదు.

అయితే ఆ సమయానికి హైదరాబాదులో మా నాన్నగారి అన్నగారూ ఉన్నారు, మా అమ్మ తమ్ముడూ ఉన్నాడు. ఇద్దరూ అక్కడ ఉద్యోగాలు చేస్తున్నవారే. ఇద్దరూ మా అన్నయ్యకు ఆంగ్లంలో ‘అంకుల్’ అయ్యేవారే. టెలిగ్రాం చదివి అర్థం చెప్పిన మాస్టారిని మా నాయనమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: “ఏ అంకులు బాబూ?” ఆయన కాగితాన్ని వెనక్కి తిప్పి చూశారు. దానికి సమాధానం ఆ కాగితంలో లేదు.

సాయంకాలానికి బస్సెక్కి కొత్తపేట, రావులపాలెం మీదుగా రాజమండ్రి చేరి, అక్కడ గోదావరి ఎక్స్‌ప్రెస్ అందుకొన్నాం. ఆ రాత్రి అమ్మ, నాన్న ఎదురెదురు బల్లలపై కూర్చొని ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు. నాకప్పుడు పన్నెండేళ్లు. వారి మౌనానికి కారణం చాలా కాలం తరువాత గాని నాకు బోధపడలేదు. పోయినవారు తన అన్నగారు కాకూడదని నాన్న కోరుకొంటే, అది అమ్మ తమ్ముడి మరణాన్ని కోరుకోవడమే. అమ్మ కోరిక కూడా అటువంటిదే. అందువలన ఆ రాత్రి వారిద్దరికీ దేవుడికి దండం పెట్టుకొనే వీలు కూడా లేకపోయింది. తెల్లవారి సికింద్రాబాదు స్టేషనులో మమ్మల్ని దింపుకోవడానికి మామయ్య వచ్చాడు. ఆయనను చూడగానే అమ్మ ముఖం ఒక్క క్షణం వెలిగింది. ఆ ముఖాన్ని చూసి నాన్న అక్కడే బల్ల మీద కూర్చుండిపోయారు.

ఆ టెలిగ్రాం తెలుగులో వచ్చి ఉంటే ఈ సంగతి జరిగేది కాదు. పెదనాన్న అని ఉంటే పెదనాన్నే, మామయ్య అని ఉంటే మామయ్యే. ఈ భేదం ప్రేమకు మాత్రమే సంబంధించినది కాదు. నాన్నగారి అన్నగారు పోతే మా ఇంటిపేరు గలవారందరికీ పది రోజుల మైల. మేనమామ విషయంలో ఆ నియమం వేరు. ఎవరు కర్మ చేయాలి, ఎవరు ఏ ఇంటికి ముందుగా వెళ్లాలి, ఎవరు ఎవరిని ఓదార్చాలి అనేవన్నీ ఆ ఒక్క మాటలోనే ఉంటాయి.

ఇక బల్గేరియను ప్రసక్తి ఎలా వచ్చిందో చెప్పాలి. ఐరోపా ఆగ్నేయ భాగంలో నల్లసముద్రపు ఒడ్డున ఉన్న దేశం బల్గేరియా. వర్నా, ప్లోవ్‌దివ్, సోఫియా నగరాలలోని వైద్య విశ్వవిద్యాలయాలలో విదేశీ విద్యార్థులు చదువుకొంటున్నారు. బోధన ఆంగ్లంలో సాగినా, ఆస్పత్రిలో మంచం మీద పడుకొన్న రోగికి వచ్చినది బల్గేరియనే. కాబట్టి విద్యార్థి ఆ భాష నేర్చుకోక తప్పదు. రోగి కుటుంబ చరిత్ర అడిగేటప్పుడు ‘మీ అంకుల్స్‌లో ఎవరికైనా ఈ జబ్బు ఉందా?’ అన్న ప్రశ్నను బల్గేరియనులోకి మార్చాలనుకొందాం. నిఘంటువులో ‘అంకుల్’ అని వెదికితే ఒక మాట కాక రెండు మాటలు ఎదురవుతాయి: ‘చిచో’, ‘వుయ్‌చో’. చిచో అంటే తండ్రి సోదరుడు. వుయ్‌చో అంటే తల్లి సోదరుడు, అనగా మేనమామ.

రెండింటిలో ఏదో ఒకటి వాడితే సరిపోదా అని అనుకోకూడదు. హీమోఫీలియా అనే వ్యాధిని జీవశాస్త్రం చదివే విద్యార్థులు ఎరుగుదురు. దెబ్బ తగిలితే రక్తం త్వరగా గడ్డకట్టని వ్యాధి అది. దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. కుమారునికి ఎక్స్ క్రోమోజోము తల్లి నుంచే వస్తుంది. కాబట్టి ఒక బాలుని మేనమామకు ఆ వ్యాధి ఉంటే, తల్లి దానికి వాహకురాలై ఉండవచ్చునని వైద్యుడు అనుమానించాలి. అదే వ్యాధి బాలుని తండ్రి తమ్ముడికి ఉంటే, ఆ దారిన బాలునికి సంక్రమించే అవకాశం లేదు. ‘అంకుల్‌కు ఉంది’ అని రోగి తల్లి ఆంగ్లంలో చెబితే వైద్యుడు మరొక ప్రశ్న వేయాలి. ‘వుయ్‌చోకు ఉంది’ అని చెబితే, లేక తెలుగులో ‘మేనమామకు ఉంది’ అని చెబితే, ఆ ప్రశ్నతో పని లేదు.

ఇక్కడ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి ఉంది. ‘అంకుల్’ అనే మాటకు పుట్టుకలో ఈ అస్పష్టత లేదు. లాటిను భాషలో ‘అవుంకులుస్’ అంటే మేనమామ మాత్రమే. తండ్రి సోదరునికి ‘పాత్రువుస్’ అని వేరే మాట ఉండేది. ప్రాచీన ఆంగ్లంలో కూడా మేనమామకు ఒక మాట, తండ్రి సోదరునికి మరొక మాట ఉండేవి. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన తరువాత ఫ్రెంచి మాటలు వెల్లువగా వచ్చి పడ్డాయి. లాటిను అవుంకులుస్ ఫ్రెంచిలో ‘ఓంక్ల్’గా మారి, ఆంగ్లంలో ‘అంకుల్’ అయి, ఆ పాత మాటలు రెండింటినీ తోసివేసి వాటి స్థానాన్ని తానే ఆక్రమించింది. బల్గేరియను ‘వుయ్‌చో’ కూడా లాటిను అవుంకులుస్‌కు మూలమైన ఇండో-యూరోపియను ధాతువు నుంచే పుట్టింది. ఒకే తల్లి బిడ్డలైన ఈ రెండు మాటలలో బల్గేరియనుది పాత అర్థాన్ని నిలుపుకొంది, ఆంగ్లానిది పోగొట్టుకొంది.

సంస్కృతం కొంచెం తెలిసిన విద్యార్థికి బల్గేరియను బంధువాచకాలలో పాత పరిచయస్థులు మరికొందరు కనిపిస్తారు. భర్త తండ్రి వారికి ‘స్వేకర్’, సంస్కృతంలో శ్వశురుడు. భర్త సోదరుడు ‘దేవెర్’, సంస్కృతంలో దేవరుడు. కోడలు ‘స్నహా’, సంస్కృతంలో స్నుష. సోదరుడు ‘బ్రాత్’, భ్రాత. ఇవన్నీ యాదృచ్ఛికాలు కావు. బల్గేరియను స్లావు భాష. రష్యను, పోలిషు, సెర్బియను భాషలు దానికి అక్కచెల్లెళ్లు. స్లావు భాషలూ సంస్కృతమూ ఇండో-యూరోపియను అనే ఒకే భాషాకుటుంబానికి చెందినవి. తెలుగు ఆ కుటుంబానిది కాదు, ద్రావిడ కుటుంబానిది. సంస్కృతం నుంచి తత్సమాలను మనం ఎరువు తెచ్చుకొన్నాం కనుకనే ఆ బంధుత్వం మనకు కూడా కనిపిస్తున్నది.

యాదృచ్ఛికమైన పోలికలు కూడా లేకపోలేదు. అవి విద్యార్థిని సులభంగా మోసగిస్తాయి. బల్గేరియనులో అక్కను ‘కాకా’ అంటారు. మన ‘అక్క’ను గుర్తు చేసే ఈ మాటకు అక్కతో ఏ చుట్టరికమూ లేదు. చిన్నపిల్లల నోటికి తేలికగా పలికే హల్లులతో అనేక భాషలలో ఇటువంటి మాటలు విడివిడిగా ఏర్పడ్డాయి. బల్గేరియనులో ‘బాబా’ అంటే నాయనమ్మ లేక అమ్మమ్మ. దానిని విని బాబాయిని తలచుకొంటే చిక్కే. ‘కష్టా’ అన్న మాట వినబడితే వారు కష్టాలు చెప్పుకొంటున్నారని అనుకోవద్దు. ఆ మాటకు అర్థం ఇల్లు.

తెలుగులో బంధువాచకాలు లెక్కకు మించి ఉన్నాయి గనుక ఇతర భాషల కంటె మనదే గొప్ప అని అనేవారున్నారు. ఆ మాట పరిశీలనకు నిలవదు. ‘చిచో’ అనే బల్గేరియను మాటను తెలుగు చేయాలంటే వయస్సు అడగాలి. తండ్రి కంటె పెద్దవాడైతే పెదనాన్న, చిన్నవాడైతే బాబాయి. ఈ తేడా బల్గేరియనుకు పట్టదు. కాని తెలుగు ‘మామ’ను బల్గేరియను చేయాలంటే, అప్పుడు మనం అడగవలసిన ప్రశ్నలు ఇంకా ఎక్కువ. తల్లి సోదరుడైతే వుయ్‌చో. తండ్రి సోదరి భర్త అయితే దానికి వేరే మాట. భర్త తండ్రి అయితే స్వేకర్. భార్య తండ్రి అయితే ‘తస్త్’. వీరందరినీ మనం ఒక్క ‘మామ’ అనే మాటతో పిలుస్తున్నాం.

దీనికి కారణం వెదకడానికి దూరం పోనక్కరలేదు. మేనమామ కుమార్తెను గాని మేనత్త కుమార్తెను గాని వివాహమాడే మేనరికపు ఆచారం కోనసీమలోనే కాక దక్షిణ భారతదేశంలో అనేక కులాలలో తరతరాలుగా ఉంది. మేనరికం జరిగిన ఇంట మేనమామే పిల్లనిచ్చిన మామ అవుతాడు, మేనత్తే అత్తగారు అవుతుంది. అందుచేత ఆ బంధుత్వాలకు వేరువేరు మాటలు అవసరం కాలేదు. మామ బిడ్డలు మనకు బావలు, మరదళ్లు, వదినలు. బాబాయి, పెదనాన్నల బిడ్డలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. అమ్మ చెల్లెలి భర్తను కూడా బాబాయి అనడంలోని రహస్యం ఇదే. ఆయన పిల్లలతో మనకు పెళ్లి సంబంధం కుదరదు. బల్గేరియనులో పినతండ్రి కొడుకైనా మేనమామ కొడుకైనా ‘బ్రతొవ్‌చెద్’ అనే ఒకే మాట. దాని అవయవార్థం ‘సోదరుని బిడ్డ’. బల్గేరియనుల ఆర్థడాక్సు క్రైస్తవ సంప్రదాయంలో మేనరికం లేదు. పెళ్లాడదగినవారు, పెళ్లాడరానివారు అన్న విభజన లేనిచోట రెండు మాటలెందుకు? నేటి వైద్యశాస్త్రం దగ్గరి రక్తసంబంధీకుల వివాహాలను గురించి హెచ్చరిస్తున్నది. మేనరికాలు తగ్గినా ఆ మాటలు మాత్రం నిలిచి ఉంటాయి.

తెలుగు, బల్గేరియను బంధువాచకాలు ఒకే గ్రంథంలో ప్రక్కప్రక్కన చేరిన సందర్భం ఒకటి చరిత్రలో ఉంది. లూయిస్ హెన్రీ మోర్గాన్ (1818–1881) అమెరికాలో న్యూయార్కు రాష్ట్రంలోని రోచెస్టరుకు చెందిన న్యాయవాది. అక్కడి ఇరోక్వా అనే మూలవాసుల జీవితాన్ని పరిశీలిస్తూ, వారు తండ్రి సోదరుణ్ణి కూడా ‘తండ్రి’ అనే పిలుస్తారనీ, తల్లి సోదరునికి మాత్రం వేరే మాట వాడతారనీ ఆయన గమనించాడు. ఇది లోకంలో ఇంకెక్కడైనా ఉన్నదా అన్న కుతూహలంతో పెద్ద ప్రశ్నావళిని ముద్రించి, క్రైస్తవ మిషనరీల ద్వారా, అమెరికా రాయబార ఉద్యోగుల ద్వారా దేశదేశాలకు పంపాడు. ‘తండ్రి సోదరుణ్ణి ఏమంటారు? తల్లి సోదరుని కుమారుణ్ణి ఏమంటారు?’ అని సాగే ప్రశ్నలవి. దక్షిణ భారతదేశం నుంచి తమిళ, తెలుగు, కన్నడ మాటల పట్టికలు ఆయనకు చేరాయి. బల్గేరియను పట్టికలు కూడా చేరాయి. వాటన్నిటినీ కూర్చి 1871లో స్మిత్సోనియన్ సంస్థ ద్వారా ఆయన వెలువరించిన బృహద్గ్రంథం బంధుత్వ అధ్యయనానికి పునాది అయింది.

మోర్గాన్‌ను అందరికంటె ఎక్కువగా ఆశ్చర్యపరచినవారు మనవారే. తమిళులూ తెలుగువారూ తండ్రి అన్నను ‘పెదతండ్రి’ అనడం, మేనమామను వేరుగా పిలవడం ఇరోక్వాల పద్ధతికి సరిగ్గా సరిపోయింది. ఈ పోలికను చూసి, అమెరికా మూలవాసులు ఆసియా నుంచి వలస వచ్చినవారనడానికి ఇదే సాక్ష్యమని ఆయన వాదించాడు. ఆ వాదాన్ని తరువాతి పండితులు అంగీకరించలేదు. ఒకే విధమైన పిలుపులు దూరదూరాన ఉన్న ప్రజలలో విడివిడిగా కూడా ఏర్పడగలవు. ఎంతో శ్రమించి ప్రపంచమంతటి మాటలను సేకరించిన మనిషి కూడా ‘కాకా’ను చూసి ‘అక్క’ అనుకొన్న విద్యార్థివలె పొరబడ్డాడన్నమాట. అయినా ఆయన సేకరించిన మాటల విలువ తగ్గలేదు. ద్రావిడ బంధుత్వ వ్యవస్థపై థామస్ ట్రౌట్‌మన్ 1981లో ప్రకటించిన గ్రంథం వరకు ఈ పరిశోధన సాగుతూనే వచ్చింది.

బల్గేరియను వ్యాకరణాన్ని గురించి కొంత చెప్పుకోవాలి. ఆ భాషను సిరిలిక్ లిపిలో రాస్తారు. 1945లో జరిగిన సంస్కరణ తరువాత అందులో ముప్ఫై అక్షరాలున్నాయి. ఆ లిపి తొమ్మిదవ శతాబ్దం చివర, పదవ శతాబ్దం ఆరంభాన బల్గేరియా రాజ్యంలోనే రూపుదిద్దుకొంది. సిరిల్, మెథోడియస్ అనే సోదరుల పేరిట బల్గేరియనులు ఏటా మే 24న అక్షరాల పండుగ చేసుకొంటారు. ఒక లిపి కోసం దేశమంతా సెలవు తీసుకొని ఊరేగడం నాకు ఎంతో ముచ్చట గొలిపే విషయం. ఆ భాషలోని తకార దకారాలు మన త, ద ల వలె దంతాలను తాకి పలుకుతాయి. కాబట్టి ఆంగ్లేయుల కంటె మనమే వాటిని తేలికగా పలకగలం.

స్లావు భాషలలో చాలావాటిలో విభక్తులు మెండు. బల్గేరియను నామవాచకాల విభక్తులను దాదాపుగా వదిలివేసింది. ‘మామయ్య ఇల్లు’ అనడానికి ‘కష్టాతా న వుయ్‌చో’ అంటారు. ఇందులో ‘న’ అనే చిన్న మాట మన షష్ఠీ విభక్తి పని చేస్తుంది. ‘కష్టా’కు చివర చేరిన ‘తా’ ఆంగ్లంలోని ‘ది’ వంటిది. ఆంగ్లంలో అది మాటకు ముందు వస్తే బల్గేరియనులో మాటకు చివర అతుక్కొంటుంది. విభక్తులన్నీ పోయినా సంబోధన మాత్రం పోలేదు. బాబాను పిలిచేటప్పుడు ‘బాబో’ అంటారు, కాకాను పిలిచేటప్పుడు ‘కాకో’ అంటారు. అక్క ‘అక్కా’ కావడం, మామయ్య ‘మామయ్యా’ కావడం తెలిసిన మనకు ఇందులో వింత లేదు. ముక్కు మొగం తెలియని పెద్దవారిని పిల్లలు ‘చిచో’ అని పిలవడం కూడా అక్కడ మర్యాదే. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టులో ఎరుగని మనిషిని ‘బాబాయ్‌గారండీ’ అని పిలిచే అలవాటు గుర్తుకు వస్తుంది. పెద్దలను బహువచనంతో గౌరవించడం కూడా ఇరు భాషలకూ సమానమే.

అన్నింటికంటె విలువైన పోలిక క్రియలో ఉంది. ‘వుయ్‌చో పొచినా’ అంటే మేనమామ చనిపోయాడని అర్థం. చెబుతున్న వ్యక్తి ఆ సంగతికి తానే సాక్షి. అదే సంగతిని ఇతరుల నోట విని చెబుతుంటే ‘వుయ్‌చో పొచినల్’ అనాలి. ఇక్కడ క్రియారూపమే మారిపోయింది. ఆంగ్లంలో ఈ తేడాను చూపాలంటే మరో వాక్యం చేర్చాలి. తెలుగులో ‘అట’ అన్న రెండక్షరాలు చాలు: ‘మామయ్య వచ్చాడు’, ‘మామయ్య వచ్చాడట’. కన్నదానికీ విన్నదానికీ మధ్య గీత గీయడం న్యాయస్థానానికి ఎంత అవసరమో, ఇంటికి కూడా అంతే అవసరం. బల్గేరియనుకు వ్యాకరణం రాసినవారు ఈ రూపాన్ని వివరించడానికి చాలా పుటలు వెచ్చించారు. తెలుగు పిల్లవానికి అయిదో ఏటికే అది పట్టుబడి ఉంటుంది.

తల ఊపే విషయం ఒకటి మిగిలింది. బల్గేరియనులు ‘ఔను’ అనడానికి తలను అడ్డంగా ఆడిస్తారు, ‘కాదు’ అనడానికి పైకెత్తుతారు. ఈ తేడాతో తికమక పడే విదేశీయులు చాలామంది. ‘ఆయ్’ అంటూ తలను పక్కకు వాల్చే గోదావరి ప్రాంతపు మనిషిని చూసి తెలియనివారు ‘కాదంటున్నాడు కాబోలు’ అనుకోవడం నేను ఎరుగుదును.

మన పట్టణాలలో ఇప్పుడు పక్కింటివారందరూ ‘అంకుల్’, ‘ఆంటీ’లే. పరాయివారిని ఆ మాటతో పిలిస్తే నష్టమేమీ లేదని నా అభిప్రాయం. వారు మనకు ఏమవుతారో తేల్చవలసిన అవసరం అక్కడ లేదు. ఇంటిలో బాబాయిని, మామయ్యను కూడా పిల్లలు అలాగే పిలవడం మొదలుపెట్టినప్పుడే నేను సర్దిచెబుతుంటాను. మన దేశంలో టెలిగ్రాము సేవ 2013 జూలైలో ముగిసింది. ఇప్పుడు ఆ వార్త సెల్‌ఫోనులో వస్తుంది. కిందటి ఏడాది మా మనుమడు ఊరి నుంచి వచ్చిన సందేశాన్ని చదివి, ‘అంకుల్‌కు ఒంట్లో బాగా లేదట’ అన్నాడు. ‘అట’ను మరచిపోనందుకు సంతోషించి, ఏ అంకులో అడిగాను. వాడు మళ్లీ ఫోను వైపు చూశాడు.

అభ్యాసం

1. టెలిగ్రాం అందిన రాత్రి రచయిత తల్లిదండ్రులు ఒకరితో ఒకరు ఎందుకు మాట్లాడుకోలేకపోయారు?

2. హీమోఫీలియా ఉదాహరణలో ‘చిచో’, ‘వుయ్‌చో’ అనే మాటల భేదం వైద్యునికి ఎలా తోడ్పడుతుందో వివరించండి.

3. మీ ఇంటిలో మీరు ‘మామయ్య’ అని పిలిచేవారందరినీ గుర్తు చేసుకొని, వారు మీకు ఏ వైపు నుంచి ఆ వరుస అవుతారో రాయండి. వారిలో ‘వుయ్‌చో’ అనదగినవారు ఎందరు?

4. మీరు స్వయంగా చూసిన ఒక సంఘటనను అయిదు వాక్యాలలో రాయండి. దానినే ఇతరుల నోట విన్నట్లు మార్చి రాయండి.

5. విగ్రహవాక్యాలు రాసి సమాసాల పేర్లు తెలపండి: అన్నదమ్ములు, పెదతండ్రి, భాషాకుటుంబం.